సంకేత భారమా, సంకేతాల పైఖర్చా?

సందేహం: సెల్‌ఫోన్ నెట్‌వర్కుల్లో ఏంటెనాలన్నీ ఒకే టవరు మీద కాకుండా ఊరంతా విడివిడిగా అమర్చే పద్ధతి గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. అందులో 'సిగ్నలింగ్ ఓవర్‌హెడ్'ను, అంటే అసలు కబురు కాక దాన్ని నడిపించే సంకేతాలకయ్యే అదనపు ఖర్చును, 'సంకేత ఊర్ధ్వభారం' అనమని ఒకరు సూచించారు. లేక 'సంకేత భారం' చాలా?
– ఒక ఇంజినీరింగ్ అధ్యాపకులు

సమాధానం: 'ఊర్ధ్వభారం' వద్దు. ఇంగ్లీషు మాటను ముక్కలు చేసి ముక్కకో సంస్కృత పదం అతికించే అలవాటు మనం మానుకోవాలి. పద్దులు రాసేవాళ్లకు బాగా తెలిసిన 'పైఖర్చు' ఉండగా ఈ బరువు ఎందుకు? 'పావలా కోడికి ముప్పావలా మసాలా' అని మనవాళ్లు అన్నది ఈ సంగతే.

ఇక 'సంకేతం'. ఈ ఒక్క మాటను సిగ్నల్‌కూ కోడ్‌కూ రసాయన శాస్త్రంలో సింబల్‌కూ వాడేస్తున్నారు. దాని పాత అర్థం ముందుగా చేసుకున్న ఏర్పాటు. ఫలానా మాటకు ఫలానా అర్థం అనే కట్టుబాటును తార్కికులు సంకేతం అన్నారు. మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో పదానికి ఉండే శక్తిని ఈశ్వరసంకేతం అని నిర్వచించాడు. ప్రేమికులు కలుసుకుందామనుకున్న చోటూ సంకేతమే. అక్కడికి వెళ్లి ప్రియుడు కనబడక భంగపడిన నాయిక విప్రలబ్ధ. జయదేవుడు 'ధీరసమీరే' అష్టపదిలో 'నామసమేతం కృతసంకేతం వాదయతే మృదువేణుమ్' అన్నాడు. ఆ వేణువులో రాధ పేరు ఉంది, ముందే అనుకున్న గుర్తు ఉంది. వినడం ఎవరైనా వినవచ్చు, తెలిసేది ఆమెకే. ఈ పాదం ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

మీ నెట్‌వర్కుల్లో 'పైలట్' అనే పరీక్ష సిగ్నల్ చేసే పనీ ఇదే కదా! ఫోను పంపే ఆ గుర్తుల వరస ఏంటెనాకు ముందే తెలుసు. తెలిసినది ఎలా మారి చేరిందో చూసి, మధ్యలో దారి ఎలా ఉందో అంచనా కడుతుంది. అందులో కబురేమీ ఉండదు, కాలం మాత్రం ఖర్చవుతుంది. దారి మారిపోయేలోపు 200 సింబల్స్ (ఒక్కోసారి పంపే ఒక్కో గుర్తు) పంపే వీలుంటే, 20 ఫోన్లకు వేర్వేరు పైలట్లు ఇవ్వడానికే 20 పోతాయి. పదోవంతు! రానూ పోనూ ఒకే పౌనఃపున్యం వాడితే ఈ ఖర్చు ఫోన్ల సంఖ్యను బట్టే ఉంటుంది, ఏంటెనాలు పెరిగినా పెరగదు. పొదుపు కోసం ఒకే పైలట్‌ను దగ్గర దగ్గర ఉన్న ఇద్దరికి ఇస్తే, ఒకే పిలుపుకు ఇద్దరూ పలికినట్టు అంచనా కలగాపులగమవుతుంది. అందుకే దూరదూరంగా ఉన్నవాళ్లకు పంచుతారు. ఏంటెనాలు తెలుసుకున్నదంతా తీగల మీదుగా కేంద్ర కంప్యూటరుకు చేరవేయకుండా కొంత లెక్క తామే చేసుకుంటే, ఆ తీగల మీది ఖర్చూ తగ్గుతుంది.

కాబట్టి పైలట్‌కు 'సంకేతం' అచ్చంగా సరిపోతుంది. సిగ్నలింగ్ మొత్తానికి అంత బాగా అతుకుతుందని గట్టిగా చెప్పలేను. ప్రస్తుతానికి 'సంకేతాల పైఖర్చు' అని రాయండి, మొదటిసారి పక్కనే సిగ్నలింగ్ ఓవర్‌హెడ్ అనీ ఇవ్వండి. 'సంకేత భారం' తప్పనను. సంజ్ఞ నుంచి వచ్చిన మన 'సన్న' కనుసన్నలో ఇంకా బతికే ఉంది. దాన్ని ఇక్కడికి తేవాలని మనసు లాగుతోంది గాని, వాడుక ఒప్పుకోదేమో.