సగటు గీత, మధ్యగతం గీత: జీతాల గ్రాఫులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయికి ఎప్‌సెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు నగర శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలను చూసి వచ్చాం. వాళ్లిచ్చిన బ్రోచర్‌లో ప్రాంగణ నియామకాలపై రెండు గీతల గ్రాఫు ఉంది. లావుపాటి నీలం గీత సగటు ప్యాకేజీ. అది నాలుగేళ్లలో 4.6 లక్షల నుంచి 6.1 లక్షలకు ఎక్కింది. దాని కింద సన్నటి బూడిదరంగు గీత మీడియన్ ప్యాకేజీ, అది 3.8 లక్షల దగ్గర మొదలై 4 లక్షల దగ్గర ఆగిపోయింది. అవే పిల్లలు, అవే జీతాలు అయినప్పుడు లెక్కలు రెండెలా వచ్చాయి? మేము ఏ గీతను పట్టించుకోవాలి?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: రెండు లెక్కలూ సరైనవే అయి ఉండవచ్చునమ్మా. అయితే మీ అమ్మాయి విషయంలో పనికొచ్చేది ఆ సన్నటి బూడిదరంగు గీతే.

మీడియన్‌ను మన పదో తరగతి గణితంలో మధ్యగతం అంటారు. బడిలో డ్రిల్లు మాస్టారు పిల్లలను ఎత్తుల వారీగా వరుసలో నిలబెడితే, సరిగ్గా నడుమ నిలబడ్డ పిల్లవాడి ఎత్తే ఆ తరగతి మధ్యగతం. వరుస చివరనున్న పొడుగాటి కుర్రాడు బల్ల మీదికెక్కి నిలబడినా నడుమనున్న పిల్లవాడు మారడు, అతని ఎత్తూ మారదు. సగటు ఎత్తు మాత్రం ఆ బల్ల పుణ్యమా అని కాస్త పెరుగుతుంది.

ఇప్పుడు జీతాల దగ్గరికి వద్దాం. ఉద్యోగాలు వచ్చిన 120 మందిలో 118 మందికి సగటున ఏడాదికి 4.5 లక్షలు పడిందనీ, మిగిలిన ఇద్దరికి చెరొక కోటి రూపాయల ఆఫర్లు వచ్చాయనీ అనుకుందాం. 118 మంది మొత్తం 531 లక్షలు, ఆ ఇద్దరివి 200 లక్షలు, కలిపి 731 లక్షలు. దాన్ని 120తో భాగిస్తే సగటు దాదాపు 6.1 లక్షలు వస్తుంది. అచ్చంగా 6.1 లక్షల జీతం అందుకున్నవాడు ఆ బ్యాచిలో ఒక్కడూ లేకపోవచ్చు. ఆ ఇద్దరి ఫొటోలు అమీర్‌పేట మెట్రో స్టేషను కింద హోర్డింగు మీదికి ఎక్కుతాయి, వాళ్ల జీతాలు సగటులోకి ఎక్కుతాయి. నడుమ నిలబడ్డ విద్యార్థి జీతం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇది మన కళాశాలలకే పరిమితమైన విషయం కాదు. అమెరికా సామాజిక భద్రతా విభాగం అక్కడి వేతన జీవుల లెక్కలను ఏటా రెండు రకాలుగానూ ప్రకటిస్తుంది. 2022లో సగటు 61 వేల డాలర్లు దాటగా, మధ్యగతం 41 వేల డాలర్లకు కొంచెం తక్కువగానే ఉంది. అంటే సగటు జీతం కూడా అందనివాళ్లు సగానికి మించి ఉన్నారన్నమాట. కిందివైపు జీతం సున్నాకంటే తగ్గదు, పైవైపు హద్దు లేదు. అందుకే జీతాల గ్రాఫుల్లో సగటు గీత దాదాపు ఎప్పుడూ మధ్యగతం గీతకు పైనే ఉంటుంది.

కాబట్టి రెండు గీతల ఎత్తుతోపాటు వాటి మధ్య ఎడాన్ని కూడా చూడండి. రెండూ ఒకే వాలుతో పైకి పోతుంటే పెరుగుదల అందరికీ ఎంతో కొంత అందుతోందని అనుకోవచ్చు. మీ బ్రోచర్‌లో ఆ ఎడం 0.8 లక్షల నుంచి 2.1 లక్షలకు పెరిగింది, అంటే లాభంలో ఎక్కువ భాగం నడిమికి పైనున్నవాళ్ల దగ్గరే పోగుపడింది. మధ్యగతం నాలుగేళ్లలో పెరిగింది 20 వేలు, అంటే అయిదు శాతం పైచిలుకు. ఆ కాలంలో ఇంటద్దె, కూరగాయలు ఎంత పెరిగాయో ఇల్లు నడిపే మీకు నేను చెప్పనక్కర్లేదు. నిలువు అక్షం ఎక్కడ మొదలైందో కూడా ఒకసారి చూడండి. సున్నా దగ్గర మొదలుపెట్టాల్సిన దాన్ని 3.5 దగ్గర మొదలుపెడితే నీలం గీత గోల్కొండ కోట మెట్లెక్కుతున్నట్టు కనిపిస్తుంది.

వీటన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఈ లెక్క ఎంతమందిది? ప్యాకేజీల గ్రాఫులోకి సాధారణంగా ఉద్యోగం వచ్చినవాళ్లే వస్తారు. 300 మంది చదివిన చోట 120 మందికే ఉద్యోగాలు వస్తే, ఆ 120 మందిలో నడిమివాడు మొత్తం బ్యాచిలో నడిమివాడు కాడు. ఈ విషయంలో కేంద్ర విద్యాశాఖ వారి ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల విధానం మనకొక మేలు చేసింది. అందులో పాల్గొనే సంస్థలు సగటును కాక, ఉద్యోగం పొందినవారి మధ్యగత జీతాన్నే ఇవ్వాలి. నిర్ణీత కాలంలో చదువు ముగించినవారు ఎందరు, ఉద్యోగాలు ఎందరికి వచ్చాయి, పైచదువులకు ఎందరు వెళ్లారు అన్నవీ అదే పట్టికలో ఉంటాయి. మీరు చూసిన కళాశాల ఆ ర్యాంకులకు దరఖాస్తు చేసి ఉంటే ఆ పట్టికను అడిగి తీసుకుని, బ్రోచర్ పక్కన పెట్టి చూడండి. ప్యాకేజీ అన్న మాటలో పీఎఫ్‌లో యాజమాన్య వాటా, గ్రాట్యుటీ, ఒక్కసారే ఇచ్చే చేరిక బోనస్ కూడా కలిసి ఉండవచ్చు గనుక, పన్నెండుతో భాగించి నెల జీతం ఇంత అని లెక్క కట్టుకోకండి.

ప్రశ్న: నేను మాదాపూర్‌లో ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. ఈ మధ్య జరిగిన సమావేశంలో మా యాజమాన్యం ఒక గ్రాఫు చూపించి, సంస్థలో మధ్యగత జీతం 12 శాతం పెరిగిందని చెప్పింది. నాకుగానీ, నాకు తెలిసిన సహోద్యోగులెవరికీగానీ ఈ ఏడాది ఇంక్రిమెంటు పడలేదు. మధ్యగతాన్ని మోసం చేయలేరని చదివాను. మరి ఇదెలా సాధ్యం?
– ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అబద్ధం ఆడకుండానే సాధ్యం. మొన్నటివరకు వరుసలో నిలబడ్డవాళ్లలో ఇప్పుడు ఎవరు లేరో ఒకసారి లెక్క చూసుకోండి.

తొమ్మిది మంది ఉన్న ఒక ఆఫీసును తీసుకుందాం. నెల జీతాలు వేలల్లో 18, 18, 20, 22, 25, 28, 32, 40. తొమ్మిదో వ్యక్తి అయిన డైరెక్టరుది 250. నడుమనున్న అయిదో జీతం 25 వేలు, అదే మధ్యగతం. మొత్తం 4,53,000 గనుక సగటు 50,333 రూపాయలు. తొమ్మిది మందిలో ఎనిమిది మంది సగటుకు దిగువనే ఉన్నారు. ఇప్పుడు 18 వేల జీతగాళ్లిద్దరినీ తీసేసి, వాళ్ల పనిని బయటి ఏజెన్సీకి అప్పగించారనుకోండి. మిగిలిన ఏడుగురిలో నడిమి జీతం 28 వేలు. ఎవరి జీతమూ పైసా పెరగలేదు, మధ్యగతం మాత్రం సరిగ్గా 12 శాతం పెరిగింది.

దేశం మొత్తం మీద కూడా ఇలా జరిగిన సందర్భం ఉంది. 2020 రెండో త్రైమాసికంలో, కోవిడ్ వల్ల అమెరికాలో కోట్లమంది పనులు పోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లోనే, పూర్తికాల ఉద్యోగుల వారపు మధ్యగత వేతనం అంతకుముందు ఏడాదితో పోలిస్తే 10.4 శాతం పెరిగి 1,002 డాలర్లయింది. హోటళ్లలో, దుకాణాల్లో తక్కువ జీతాలకు పనిచేసేవాళ్లే ఎక్కువగా ఉపాధి కోల్పోయి లెక్కలోంచి జారిపోవడం దానికి ప్రధాన కారణం.

కాబట్టి మీ యాజమాన్యాన్ని రెండు సంగతులు అడగండి: నిరుడు ఎందరున్నారు, ఇప్పుడు ఎందరున్నారు; నిరుడూ ఈ ఏడూ రెండింట్లోనూ ఉన్నవాళ్లను మాత్రమే తీసుకుంటే మధ్యగతం ఎంత? మీది స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన సంస్థ అయి ఉంటే పని ఇంకొంచెం తేలికయ్యేది. 2013 కంపెనీల చట్టం 197వ సెక్షను ప్రకారం అలాంటి సంస్థలు ఒక్కో డైరెక్టరు పారితోషికం ఉద్యోగుల మధ్యగత జీతానికి ఎన్ని రెట్లు ఉందో, ఆ మధ్యగతం ఏడాదిలో ఎంత శాతం మారిందో వెల్లడించాలి. శాశ్వత ఉద్యోగుల సంఖ్యను కూడా చెప్పాలి. షేర్లు కొనేవాళ్లకంటే ఉద్యోగులే ఆ పేజీని శ్రద్ధగా చదవాలని నా అభిప్రాయం.

ప్రశ్న: గ్రూప్-2కు సిద్ధమవుతున్నాను. జీతాలకు మధ్యగతమే మంచిదైతే ఇక సగటు దేనికి? అలాగే, బాహుళకం = 3 × మధ్యగతం – 2 × సగటు అనే సూత్రాన్ని జీతాల లెక్కకు వాడవచ్చా?
– ఒక అభ్యర్థి, చిక్కడపల్లి గ్రంథాలయం నుంచి

జవాబు: సగటును మనుషుల సంఖ్యతో గుణిస్తే మొత్తం జీతాల ఖర్చు వస్తుంది, బడ్జెట్ వేసేవాళ్లకు కావలసింది అదే. మధ్యగతంతో ఆ పని జరగదు. రెండు శాఖల మధ్యగతాలు తెలిసినంత మాత్రాన రెండూ కలిపిన మధ్యగతం చెప్పలేం, అందరి జీతాలనూ మళ్లీ ఒకే వరుసలో పేర్చవలసిందే.

ఇక సూత్రం సంగతి. బాహుళకం అంటే మిగతా వాటికంటే ఎక్కువసార్లు వచ్చే విలువ. ఆ సూత్రం, ఒకవైపుకు కొద్దిగా మాత్రమే ఒరిగిన దత్తాంశాలకు సరిపోయే ఉజ్జాయింపు. పరీక్షలో అడిగితే నిక్షేపంగా రాయండి. పైన చెప్పిన తొమ్మిది మంది ఆఫీసుకు మాత్రం వేసి చూడండి: మూడు పాతికలు 75 వేలు, అందులోంచి రెండు సగటులు, అంటే దాదాపు 1,00,667 తీసేస్తే మిగిలేది మైనస్ 25,667. అక్కడ ఎక్కువమంది అందుకుంటున్న జీతం నిజానికి 18 వేలు. సూత్రాన్ని నమ్మితే వాళ్లే ప్రతి నెలా ఒకటో తారీఖున డైరెక్టరు గదిలోకి వెళ్లి 25,667 రూపాయలు ఎదురు కట్టి రావలసి ఉంటుంది.