గ్రాంటు కోసం దరఖాస్తు రాయబోతున్న సుధకు

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి, అభివృద్ధి చెందుతున్న దేశాల్లోని వికలాంగుల జీవనోపాధి కోసం గ్రాంటు సంపాదించే పనిలోకి దిగుతున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. గర్వంగా ఉంది, అంతకు రెట్టింపు బెంగగానూ ఉంది. ఇలాంటి దరఖాస్తులు చదవడమూ, ఇచ్చిన డబ్బు ఎవరి చేతికి చేరిందో వెళ్లి చూసి నివేదిక రాయడమూ నా ఉద్యోగంగా గడిచింది కనుక, నువ్వు అడగకపోయినా కొన్ని మాటలు చెప్పకుండా ఉండలేను.

సంస్థ రిజిస్ట్రేషన్, ఆడిట్ అయిన లెక్కలు, గడువు తేదీ, ఇవన్నీ నీకు తెలిసినవే. దాత ఏ దేశాలకు, ఏ పనులకు ఇస్తారో పూర్తిగా చదివిన తరువాతే కలం పట్టు.

ప్రపంచంలో 130 కోట్ల మందికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉందనీ, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కతో ప్రతి దరఖాస్తూ మొదలవుతుంది. చదివేవారికి ఆ అంకె కంఠతా వచ్చు; వారికి తెలియనిది నువ్వు పనిచేయబోయే ఊళ్ల సంగతి. అక్కడ ఇంటింటికీ వెళ్లి “మీ ఇంట్లో వికలాంగులున్నారా?” అని అడిగితే సిగ్గుతోనో భయంతోనో చాలామంది లేరనే అంటారు. అందుకే వైకల్యాన్ని లెక్కించే పద్ధతుల కోసం ఐక్యరాజ్యసమితి కింద ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ వారి ఆరు ప్రశ్నలు వాడు. చూడటం, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుంచుకోవడం లేదా ధ్యాస నిలపడం, తన పనులు తాను చేసుకోవడం, చెప్పింది ఎదుటివారికి అర్థమయ్యేలా మాట్లాడటం, వీటిలో ఎంత కష్టం ఉందని మాత్రమే అవి అడుగుతాయి. ఏ ఒక్కదానిలోనైనా “చాలా కష్టం” అనో “అసలు చేయలేను” అనో జవాబు వస్తే ఆ మనిషిని లెక్కలోకి తీసుకుంటారు.

ఇక నన్ను ఇప్పటికీ వదలని ఒక తప్పు గురించి చెబుతాను. ఒక సంస్థ గ్రాంటు తీసుకుని వికలాంగ మహిళలందరికీ కుట్టుపని నేర్పించి, తలా ఒక కుట్టుమిషన్ ఇచ్చింది. లక్ష్యం పూర్తయిందని నివేదికలో రాశారు. శిక్షణ రిజిస్టర్‌లో సంతకాలూ వేలిముద్రలూ ఒక్కటీ తప్పకుండా ఉన్నాయి. నేను చూడటానికి వెళ్లిన ఇళ్లలో ఒకదానిలో ఆ మిషన్ గోడవారగా ఉంది, దాని మీద మడతపెట్టిన దుప్పట్లు ఉన్నాయి, చక్రానికి బెల్టు కూడా తొడగలేదు. ఆ ఇంటావిడకు చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఆమెకు ఇచ్చింది కాలితో తొక్కే మిషన్! శిక్షణ మేడమీద గదిలో జరిగితే, ఆమె తమ్ముడు తన కూలి మానుకుని రోజూ ఎత్తుకుని తీసుకెళ్లాడట. చేతితో తిప్పే పిడి గానీ చిన్న మోటారు గానీ బిగిస్తే ఆమె కుట్టగలిగేదే, కానీ బడ్జెట్‌లో దానికి పద్దు లేదు. అంతకంటే బాధ కలిగించింది మరొకటి. ఆ వీధిలోని పొదుపు సంఘం లెక్కల పుస్తకం ఆమె దగ్గరే ఉండేది. కూడికలో ఒక్క పొరపాటు లేదు. సరుకు కొనడానికి కాస్త పెట్టుబడి దొరికితే ఇంటి ముందే కొట్టు పెట్టుకోవాలన్నది ఆమె కోరిక. శిక్షణకు ముందు గానీ తరువాత గానీ ఆమెకేం కావాలో ఒక్కరూ అడగలేదు. దరఖాస్తు రాసినవారు దుర్మార్గులు కారమ్మా, తొందరపడ్డారు. నీకూ తొందర ఎక్కువ, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వికలాంగులకు వారి ఊళ్లోనే, ఊరివారి తోడుతో ఆసరా కల్పించడం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి 2010లో వెలువరించిన సమాజ ఆధారిత పునరావాస మార్గదర్శకాలు జీవనోపాధిని ఐదు పాయలుగా చూస్తాయి: నైపుణ్యాలు, స్వయం ఉపాధి, జీతపు ఉద్యోగం, ఆర్థిక సేవలు, సామాజిక భద్రత. ఆ సంస్థ మొదటిదానితోనే ఆగిపోయింది, ఆమెకు కావలసింది నాలుగోదానిలో ఉంది. కాబట్టి ఏ పని అన్నది నువ్వు నిర్ణయించకు. స్థానిక వికలాంగుల సంఘాన్ని పేరుకు మాత్రమే భాగస్వామిగా చూపకుండా, ప్రణాళిక రాసే రోజునే వారిని కూర్చోబెట్టుకో, వారి సమయానికి డబ్బు చెల్లించు. సంఘాలు లెక్కలు నిభాయించుకోలేవని ఎవరైనా అంటే, డిజేబిలిటీ రైట్స్ ఫండ్ 2008 నుంచి హక్కుల సాధన కోసం అలాంటి సంఘాలకే నేరుగా నిధులిస్తున్నదని చెప్పు.

బడ్జెట్‌లో సంజ్ఞా భాష అనువాదకులకు, తోడు వచ్చేవారి ప్రయాణానికి, పనిముట్ల మార్పులకు, ర్యాంపుకు విడిగా పద్దు ఉండాలి. మొత్తంలో 3 నుంచి 5 శాతం ఉంచమని ఈ రంగంలోని వారు సాధారణంగా చెబుతారు. దాత దాన్ని కొట్టేయమంటే తల వంచకు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక ప్రకారం తగిన సౌకర్యం నిరాకరించడం కూడా వివక్షే. ఉపాధి హక్కు అందులో 27వ అధికరణం. అంతర్జాతీయ సహాయం వికలాంగులకూ అందేలా ఉండాలన్నది 32వది. వైకల్యం పేరుతో ఉన్న నిధుల కోసమే వెతుక్కోవద్దు కూడా. దేశస్థాయిలో అమలయ్యే అంతర్జాతీయ అభివృద్ధి కార్యక్రమాల్లో కనీసం 15 శాతం కార్యక్రమాలైనా వికలాంగులను కలుపుకుపోవడాన్ని లక్ష్యంగా పెట్టుకోవాలని 2025లో బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ వైకల్య సదస్సు ప్రకటించింది కనుక, వ్యవసాయానికీ చిన్న వ్యాపారాలకూ నిధులిచ్చేవారినీ ధైర్యంగా అడుగు.

నన్ను నిద్రపోనివ్వని భయాలు రెండున్నాయి. మొదటిది, ఆదాయం కాస్త పెరగగానే పింఛను ఆగిపోయే దేశాలున్నాయి. నీ గ్రాంటు ముగిసిన ఏడాది వ్యాపారం దెబ్బతింటే ఆ మనిషికి రెండూ ఉండవు. ఆ దేశపు నిబంధన ముందే తెలుసుకుని, చేరేవారికి వివరంగా చెప్పు. రెండోది, ఇచ్చిన ఆస్తి ఎవరి పేరున ఉందన్నది. ఒక వికలాంగ మహిళకు ఇచ్చిన డబ్బు చేరే బ్యాంకు ఖాతా ఆమె మరిది పేరున ఉంటే ఆమెకు అందేది ఏమీ ఉండదు. దాత విడతలు ఆలస్యమయినా చిన్న సంఘం జీతాలు ఆగకుండా మొదటి విడత పెద్దదిగా ఉండాలని ఒప్పందంలోనే రాయించుకో. శిక్షణ పొందినవారి సంఖ్యను ఫలితంగా చూపకు; గ్రాంటు ముగిశాక ఒక ఏడాదికి వారి చేతిలో మిగులుతున్న ఆదాయం కొలుస్తానని రాసి, ఆ కొలతకయ్యే ఖర్చు కూడా ఇప్పుడే అడుగు.

రాత్రిళ్లు మేలుకుని రాయకు తల్లీ, నీ ఆరోగ్యం నాకు ముఖ్యం. చిత్తుప్రతి సిద్ధమయ్యాక ఆశయాల పేజీలు తరువాత పంపినా ఫరవాలేదు, ముందు బడ్జెట్ పట్టిక పంపు. పద్దు పద్దునా చూసి రాస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ