మీ మెయిల్‌ను ఆపింది మీ కెమెరా కావచ్చు

ప్రశ్న: బెంగళూరు పీణ్యాలో మాకు చిన్న మెషీన్ షాపు ఉంది. మెయిల్ సర్వర్ ఆఫీసులోనే, స్టాటిక్ ఐపీ మీద నడుస్తోంది. వారం నుంచి కొటేషన్లు పంపితే, మీ ఐపీ బ్లాక్‌లిస్టులో ఉందంటూ తిరిగొస్తున్నాయి. ఎస్‌పీఎఫ్, డీకిమ్ సరిగానే ఉన్నాయని మా ఐటీ అబ్బాయి అంటున్నాడు. మేం స్పామ్ పంపలేదు. లిస్టులోంచి ఎలా బయటపడాలి? కస్టమర్లను మమ్మల్ని వైట్‌లిస్టులో పెట్టుకోమంటే సరిపోతుందా?

బయటపడటం సంగతి తర్వాత. ఈ నెలలో ఇలాంటి ఉత్తరం ఇది మూడోది. మూడింట్లోనూ 'మేం పంపలేదు' అనే మాట ఉంది. మీరు పంపి ఉండరు. మీ లైను మీదున్న ఇంకేదో పంపి ఉంటుంది. ఆఫీసులో ఎన్ని పరికరాలున్నా మీ రౌటర్ దాటాక కనిపించే ఐపీ, అంటే ఇంటర్నెట్ చిరునామా, ఒకటే. అవతలి సర్వర్ ఉత్తరం చదవకముందే ఆ ఐపీకి ఊళ్లో ఏం పేరుందో చూస్తుంది.

ఎస్‌పీఎఫ్, డీకిమ్ అంటే మెయిల్ మీ డొమైన్ పేరు మీద నిజంగానే వచ్చిందని చూపే గుర్తింపు కార్డుల్లాంటివి. ఆధార్ చూపించాడని ఎవరికైనా అప్పిస్తామా? స్పామర్లు కూడా వాటిని శుభ్రంగా పెట్టుకుంటారు.

నా మొదటి అనుమానం సీసీ కెమెరాల డీవీఆర్ మీద, అంటే వీడియో రికార్డు చేసే పెట్టె మీద. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ 60కి పైగా ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను వరసగా ప్రయత్నించి, కెమెరాలనూ డీవీఆర్‌లనూ రౌటర్లనూ లక్షల్లో పట్టేసుకుంది. దాని పని సైట్లను ట్రాఫిక్‌తో ముంచెత్తడం. అదే దొడ్డిదారిన దూరిన ఇంకోటి మీ లైను మీద స్పామ్ పంపగలదు. ఆమధ్య వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ గదిలో చూశాను: డీవీఆర్ పెట్టె మీదే మార్కర్‌తో పాస్‌వర్డ్ రాసి ఉంది, 'అడ్మిన్' అని! పాస్‌వర్డ్ మార్చేదాకా పనిచేయకుండా తయారు చేస్తే ఏం పోయిందో ఈ కంపెనీలకి. బిగించి వెళ్లే కుర్రాళ్లేమో ఓనరు ఫోన్లో వీడియో కనబడాలని రౌటర్లో పోర్టు, అంటే బయటినుంచి లోపలికొచ్చే తలుపు, తెరిచేసి చక్కా పోతారు.

రౌటర్లో మీ మెయిల్ సర్వర్‌కి తప్ప మిగతా అన్నిటికీ బయటికెళ్లే పోర్టు 25, అంటే సర్వర్లు మెయిల్ పంపుకునే తలుపు, మూసేయించండి. ఆ తర్వాత రౌటర్ రాసుకునే చిట్టా, అదే లాగ్, చూస్తే, పదేపదే తలుపు బాదుతున్నది ఎవరో దొరికిపోతుంది. అది డీవీఆరే అయితే దాన్ని రీసెట్ చేసి, ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, వేరే నెట్‌వర్క్‌లో పడేయండి. లాగ్‌లో ఏమీ లేకపోతే మీ మెయిల్ ఖాతాల్లో ఎవరి పాస్‌వర్డ్ పోయిందో చూడాలి. అప్పుడు మాత్రమే లిస్టు వాళ్లకి అర్జీ పెట్టండి. బ్లాక్‌లిస్టులు నడిపే స్పామ్‌హాస్ లాంటివాళ్లు పేరు తీయడానికి పైసా తీసుకోరు. డబ్బిస్తే తీయిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. శుభ్రం చేయకుండా పేరు తీయించుకుంటే మళ్లీ ఎక్కేస్తారు.

ఇక వైట్‌లిస్టు. నాకు అసలు టెన్షన్ ఇక్కడే. రేపు మీ అకౌంటెంట్ మెయిల్ ఎవరి చేతికైనా చిక్కిందనుకోండి. 'మా బ్యాంకు ఖాతా మారింది, ఈ నెల బిల్లు దీనికి వేయండి' అని మీ పేరుతోనే, పాత ఉత్తరం కిందే జవాబుగా వెళ్తుంది. కస్టమర్ దగ్గరి ఫిల్టర్ మీ వాళ్లే కదా అని కళ్లు మూసుకుంటుంది. దొంగకి తాళాలు మనమే ఇచ్చినట్టు. వైట్‌లిస్టు అడగకండి. ఖాతా నంబరు మార్పు అంటూ ఏదైనా వస్తే, ఆ మెయిల్లో ఉన్న నంబరుకి కాకుండా తమ దగ్గరున్న పాత నంబరుకి ఫోన్ చేసి అడగమని వాళ్లకి ఇప్పుడే చెప్పి ఉంచండి.