ఒడిశాలోని బ్రహ్మపురం నుంచి కొండ ఊరు దారింగబాడి వెళ్లి, ఉదయం 11 గంటలకు లాడ్జికి చేరాం. మంచు ఎందుకు కనిపించలేదు?

మీరు లాడ్జికి చేరింది ఉదయం 11 గంటలకు. అప్పటికే మంచు కరిగిపోయింది. దారింగబాడిలో ఆకాశం నుంచి హిమం రాలదు. రాత్రి చలికి గాలిలోని తేమ గడ్డి మీద గడ్డకట్టి తెల్లబడుతుంది, ఎండ తగలగానే పోతుంది.

1. డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లండి.

2. అందరూ మరిచేది ఇదే: ముందురోజు రాత్రి ఆకాశం చూడండి. మబ్బు పడితే నేల వేడి పైకి పోదు. గాలి వీస్తే చలి నేల మీద నిలవదు. నక్షత్రాలు స్పష్టంగా కనిపించే, ఆకు కదలని రాత్రి కావాలి.

3. సూర్యోదయానికి ముందే అక్కడుండాలి. అలాగని దారిలోని సొరడా ఊరు దాటాక ఘాటు రోడ్డు చీకట్లో ఎక్కవద్దు, పిల్లలతో అసలే వద్దు. ముందురోజు సాయంత్రమే చేరుకోండి.

4. పల్లపు గడ్డి నేలల్లో వెతకండి.