వాట్సాప్ పోస్టుకు 111 సెక్షన్ పెడతారా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. మా వీధి కాలువలో పూడిక తీయకుండానే బిల్లులు చేసుకున్నారని ఒక స్థానిక నాయకుడి మీద కాలనీ వాట్సాప్ గ్రూపులో ఘాటుగా రాశాను. స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఫోన్ చేసి, ‘సీఐ గారు రమ్మంటున్నారు, 353, 111 పడతాయి’ అన్నారు. మర్నాడు వాట్సాప్‌లో నోటీసు ఫొటో వచ్చింది. వెళ్లాలా? పోస్టు తీసేయాలా? గ్రూపు అడ్మిన్ మా బావమరిది. ఆయన మీద కూడా కేసు పెడతారా?

జవాబు: పోస్టు తీసేయకండి. కేసు మాట వచ్చాక డిలీట్ చేస్తే, సాక్ష్యం చెరిపేస్తున్నారని అరెస్టుకు కారణం రాసుకునే వీలు మీరే ఇచ్చినట్టు. ముందూ వెనకా మాటలతో సహా చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. ఫిర్యాదుకు జతచేసే స్క్రీన్‌షాట్‌లో ఘాటు వాక్యం ఒక్కటే ఉంటుంది. పైన మీరు పెట్టిన కాలువ ఫొటో ఉండదు.

ఇక సెక్షన్లు. భారతీయ న్యాయ సంహిత 353(2) కింద, మతం, కులం, భాష, ప్రాంతం వంటి ప్రాతిపదికన వర్గాల మధ్య శత్రుత్వం, ద్వేషం, దుర్భావం రేపే ఉద్దేశంతో తప్పుడు సమాచారం, పుకార్లు వ్యాప్తి చేయడం నేరం. శిక్ష 3 ఏళ్ల దాకా. దుర్భావం ఎంత ఉంటే నేరమో చట్టంలో లేదు. ఆ ఖాళీలోకే ఇలాంటి ఫిర్యాదులు దూరతాయి. అయితే పాత ఐపీసీలోని ఇదే నిబంధనపై సుప్రీంకోర్టు 1997లో బిలాల్ అహ్మద్ కాలూ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో, కనీసం రెండు వర్గాల ప్రస్తావన ఉంటేనే ఇది వర్తిస్తుందని తేల్చింది. కాలువ పూడికలో రెండో వర్గం ఎక్కడుంది? ఆ నాయకుడి పరువు పోయిందంటే అది 356, పరువు నష్టం. దానికి బాధితుడే మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదు.

అసలు జాగ్రత్త పడాల్సింది 111 దగ్గర. వ్యవస్థీకృత నేరానికి ఉద్దేశించిన సెక్షన్ ఇది. కిడ్నాప్, దోపిడీ, భూకబ్జాల సరసన ‘సైబర్ నేరాలు’ అని ఒక మాట ఉంది, దానికి అక్కడ నిర్వచనం లేదు. సోషల్ మీడియా పోస్టులకు దీన్ని తగిలించడం మన రాష్ట్రంలో 2024 చివర నుంచి చూస్తున్నాం. ఎందుకు తగిలిస్తారంటే, 7 ఏళ్ల దాకా శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు అవసరమేమిటో పోలీసులు కారణాలు రాయాలి, అవసరం లేకపోతే నోటీసుతో సరిపెట్టాలి. ప్రాణం పోని కేసుల్లో కూడా 111 నేరానికి కనీస శిక్షే 5 ఏళ్లు, గరిష్ఠం యావజ్జీవం. ఇది చేరగానే ఆ రక్షణ జారిపోతుంది. కానీ సెక్షన్‌లోనే దీనికి విరుగుడు ఉంది. గత 10 ఏళ్లలో ఒకటికి మించి చార్జిషీట్లు పడి, కోర్టు వాటిని విచారణకు స్వీకరించి ఉండాలి. అవీ 3 ఏళ్లు లేదా అంతకుమించి శిక్ష పడే నేరాలకు సంబంధించినవై ఉండాలి. పైగా ఆ నేరాలు ముఠా సభ్యుడిగానో, ముఠా తరఫునో చేసినవై ఉండాలి. పాత కేసులే లేనివారికి 111 నిలబడదు. మీ మీద ఏ కేసూ లేదన్న సంగతి లాయర్ పిటిషన్ మొదటి పేజీలోనే రాయాలి.

నోటీసు సంగతి. పోలీసుల ముందు హాజరు కమ్మనే ఈ నోటీసును జనం ఇప్పటికీ 41ఏ అంటారు, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో అది 35(3). ఇక్కడి నుంచి చెప్పే సెక్షన్లన్నీ ఈ సంహితవే. వాట్సాప్‌లో పంపితే అది చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో సతేందర్ కుమార్ అంతిల్ కేసులో చెప్పింది. అలాగని ఊరుకోకండి. ‘ఫొటో చూశాను, క్రైమ్ నంబరుతో నోటీసు చేతికివ్వండి, హాజరవుతాను’ అని ఎస్‌హెచ్‌వోకు (స్టేషన్ బాధ్యుడైన అధికారికి) రిజిస్టర్డ్ పోస్టులో రాసి రసీదు దాచండి. చేతికి వచ్చాక మాత్రం ఎగ్గొట్టొద్దు, గైర్హాజరే అరెస్టుకు దారి. హాజరవుతున్నంత కాలం, కారణాలు రాయకుండా అరెస్టు చేయకూడదు.

క్రైమ్ నంబరు లేకపోతే ఎఫ్ఐఆర్ ఇంకా కట్టలేదనే అర్థం. అప్పుడు 173(3) అడగండి. 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపవచ్చు. విజయవాడ కమిషనరేట్‌లో ఆ స్థాయి ఏసీపీది. మాటలు, రాతల కేసుల్లో ఇలా చేయడమే సముచితమని సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో చెప్పింది. ఏసీపీకి లిఖితపూర్వకంగా వినతి ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

స్టేషన్‌లో ఎక్కువమంది బోల్తా పడేది తెల్లకాగితం దగ్గరే. ‘క్షమాపణ రాసిచ్చి వెళ్లిపో’ అంటారు, అదే రేపు మీకు ఎదురు తిరగవచ్చు. పోలీసులు నమోదు చేసే వాంగ్మూలం మీద మీ సంతకం ఉండకూడదని 181 చెబుతోంది. ఫోన్ తీసుకుంటే మోడల్, ఐఎంఈఐ నంబరు రాసిన మధ్యవర్తుల రిపోర్టు (పంచనామా) కాపీ అడగండి. స్వాధీనం చేసుకోవడాన్ని వీడియో తీయాలని 105 నిబంధన.

అరెస్టు భయం నిజంగా ఉంటే సెషన్స్ కోర్టులో గానీ హైకోర్టులో గానీ ముందస్తు బెయిల్‌కు వెళ్లండి. అది ఇప్పుడు 482. సీఆర్‌పీసీలో 482గా ఉన్న క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమని హైకోర్టును అడిగేది, 528కి మారింది, తికమక పడొద్దు. ఒకవేళ మేజిస్ట్రేట్ ముందు నిలబెడితే, అనవసర అరెస్టులకు అడ్డుకట్ట వేసిన సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు, పైన చెప్పిన ప్రతాప్‌గఢీ తీర్పు పాటించకుండా సోషల్ మీడియా కేసుల్లో రిమాండ్ విధించవద్దని మన హైకోర్టు 2025 జులైలో ఇచ్చిన సర్క్యులర్ మీ లాయర్ చేతిలో ఉండాలి.

మీ బావమరిది విషయానికొస్తే, ఇతరులు రాసినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యత లేదని బొంబాయి, కేరళ హైకోర్టులు చెప్పాయి. ఆయన కూడా గ్రూపును రద్దు చేయకుండా అలాగే ఉంచాలి.