కాళ్ళమీద మచ్చలు నీవల్ల పడలేదమ్మా

ప్రశ్న: మాది రాయగడ. ఏడేళ్ళ మా బాబుకి నాలుగు నెలల క్రితం రక్త క్యాన్సర్, అందులో ఏఎల్ఎల్ రకం అని తేలింది. ట్రీట్‌మెంట్ విశాఖలో. ఎక్కువ రోజులు నేను వాడితో అక్కడే ఉంటున్నాను. మావారు డ్యూటీ చూసుకుంటూ వచ్చిపోతుంటారు. పదేళ్ళ పాప మా అత్తగారి దగ్గర ఉంది. దానికి జబ్బు సంగతి చెప్పలేదు. బాబు గుండు గురించి ఎవరడిగినా మజ్జిగౌరమ్మ మొక్కు అంటున్నాం. పాప ఇప్పుడు సరిగ్గా చదవదు, ఫోన్‌లో మాట్లాడదు. మొన్న బాబు ఇంటికొస్తే వాడి దగ్గరికే రాలేదు. తమ్ముడంటే అసూయ అంటారు మా అత్తగారు. మొదట్లో బాబు కాళ్ళమీద నల్లమచ్చలు చూసి, ఇదే తోసేసిందనుకుని రెండు దెబ్బలు వేశాను కూడా. దీన్ని ఎలా దారికి తెచ్చుకోవాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద సంగతి మీరు చివర్లో ముక్తసరిగా చెప్పిన ఆ రెండు దెబ్బలే.

పాప వైపు నుంచి చూడండి. తమ్ముడి కాళ్ళమీద మచ్చలు కనిపించాయి, నువ్వే తోశావని అమ్మ కొట్టింది. కొన్నాళ్ళకి తమ్ముణ్ణి విశాఖ తీసుకెళ్ళారు. జుట్టంతా పోయి తిరిగొచ్చాడు. ఏమైందో ఎవరూ చెప్పరు. ఇదంతా తనవల్లే జరిగిందనుకోక ఆ పిల్ల ఇంకేమనుకుంటుంది? నాకు ఇందులో అసూయ కన్నా భయమే ఎక్కువ కనిపిస్తోంది. మళ్ళీ తన చెయ్యి తగిలితే వాడికేమవుతుందోనని దూరంగా ఉంటోందేమో.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు బాబుని మీవారికి అప్పగించి, పాపని ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని చెప్పండి. "తమ్ముడి మచ్చలు నీవల్ల పడలేదమ్మా. జబ్బు వల్ల పడ్డాయి. నాకు తెలియక నిన్ను కొట్టాను, తప్పు నాదే." ఎందుకు పడ్డాయో కూడా చెప్పండి, దానికి అర్థమవుతుంది. ఎముకల లోపలి మూలుగలో రక్తం తయారవుతుంది. ఈ జబ్బులో అక్కడ పనికిరాని తెల్లకణాలు నిండిపోయి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు తగ్గిపోతాయి. అప్పుడు ఎవరూ తోయకపోయినా చర్మం కింద మచ్చలు పడతాయి. ఇది అంటుకునే జబ్బు కాదని, క్యాన్సర్ అంటారని కూడా మీ నోటితోనే చెప్పండి. రేపు బడిలో ఎవరో అనగా వినే కన్నా అదే నయం.

"తమ్ముడు చచ్చిపోతాడా?" అని అడగొచ్చు. కంగారుపడకండి. పిల్లల్లో ఈ రకానికి మందులు బాగా పనిచేస్తాయి, చాలామందికి పూర్తిగా నయమవుతోంది, వాడికీ నయం కావాలనే ఇంత తిరుగుతున్నాం అనండి. ఏమీ కాదని మాత్రం ఒట్టు పెట్టకండి.

ఇక మొక్కు సంగతి. మొక్కుకోవడం తప్పని నేననను, నేనూ మొక్కుకునేదాన్నే. ఇరుగుపొరుగుకి మీకు తోచింది చెప్పుకోండి. కానీ ఆ అబద్ధాన్ని రోజూ బడికి మోసుకెళ్తున్నది పదేళ్ళ పిల్ల. క్లాస్ టీచరుకైనా నిజం తెలియాలి. అత్తగారికి ఈ మాట మీరు చెప్పే కన్నా మీవారు చెబితేనే చెల్లుతుంది. బాబు తేరుకున్నట్టు కనిపించగానే "తగ్గిపోయిందిగా, ఇంకా ఈ మందులెందుకు" అని కూడా ఆవిడ అనొచ్చు. మందులు మొత్తం రెండు నుంచి మూడేళ్ళు పడతాయి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

స్టెరాయిడ్ మాత్రలు వేసే వారాల్లో బాబు విపరీతంగా తింటాడు, చీటికీ మాటికీ కోపం తెచ్చుకుంటాడు. వాడికి అర్ధరాత్రి పూరీలు చేసిపెట్టి, పాప అడిగితే రేపు చూద్దాం అంటే దానికి ఎలా ఉంటుంది? అది మాత్రల ప్రభావమని ముందే చెప్పండి. వీలైతే దానికీ రెండు పూరీలు వెయ్యండి.

ఈ మందులతో రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుంది. అందుకే బాబు ఇంట్లో ఉన్నప్పుడు జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కి చేరిందా, పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. వెంటనే హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యండి. విశాఖ చేరడానికి గంటలు పడుతుంది కాబట్టి, అలాంటి రాత్రి ముందు ఎక్కడికి వెళ్ళాలో డాక్టర్‌తో ఇప్పుడే కాగితం మీద రాయించుకోండి. పాప క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే ఆ రోజే మీకు తెలియాలి, మీరు డాక్టర్‌కి చెప్పాలి. ఇదీ టీచరుకి నిజం చెప్పమనడానికి ఒక కారణం.

సెలవుల్లో పాపని ఒక్కసారి విశాఖ తీసుకెళ్ళండి. వార్డులోకి రానివ్వకపోయినా మీరుండే గది చూస్తుంది, తమ్ముడి పక్కన కూర్చుంటుంది. రైలు ఖర్చు విషయానికొస్తే, హాస్పిటల్ సర్టిఫికెట్ ఉంటే క్యాన్సర్ పేషెంట్‌కి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం రాయితీ. మీరు వాడుకుంటున్నారో లేదో రాయలేదు.

ఇవన్నీ చెప్పాక పాప ఏడవచ్చు, మీమీద అరవచ్చు. అరవనివ్వండి. రెండు మూడు వారాలైనా తిండీ నిద్రా కుదురుకోకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.