దసరా వాటాలో నూటికి ముప్పై ఎటు పోయింది?

ప్రశ్న: సార్, మా ఆయన సింగరేణి శ్రీరాంపూర్ ఏరియాలో అండర్‌గ్రౌండ్ బొగ్గు బాయిలో ఫిట్టర్. అన్నీ కలిపి నెలకు 95 వేల దాకా వస్తాయి. 2025 సెప్టెంబర్ వరకు ఇన్‌కం ట్యాక్స్ కింద ఒక్క రూపాయి కట్ కాలేదు. దసరాకు లాభాల వాటా 1,88,000 పడితే అందులో 55,120 పట్టుకున్నారు. దీపావళి బోనస్ 1,03,000 వస్తే మళ్లీ 31,616 పోయింది. ఇంటి స్లాబ్ కోసం రెండు రూపాయల మిత్తికి తెచ్చిన రెండున్నర లక్షలు ఈ పైసలతో తీరిపోతాయనుకున్నాం. ఇంకా లక్ష అట్లాగే ఉంది. బోనస్ మీద 30 శాతం ట్యాక్స్ వేరే ఉంటుందని బాయి మీద అందరూ అంటున్నారట. ప్లే డేలు (సెలవు రోజున చేసే డ్యూటీలు) మానేస్తే ట్యాక్స్ తప్పుతుందని ఒకాయన సలహా ఇచ్చాడు. ఇంకొకాయన 8 వేలు ఇస్తే 60 వేలు వాపస్ తెప్పిస్తానంటున్నాడు. ప్రాణాలకు తెగించి పని చేసేది మేము, పండుగ పూట కోసుకునేది వాళ్లా? ఏం చేయమంటారు?
ఒక గృహిణి, మంచిర్యాల జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ రెండో ఆయన సంగతి. ఆయనకు 8 వేలు కాదు, 8 రూపాయలు కూడా ఇవ్వకండి. మీ ఆయన పాన్, ఆధార్, ట్యాక్స్ పోర్టల్ పాస్‌వర్డ్ అసలే ఇవ్వకండి. ఎందుకో లెక్క చూశాక మీకే తెలుస్తుంది.

బోనస్‌కంటూ వేరే పన్ను రేటు మన దేశంలో లేదు. నెల జీతం, ప్లే డే డబ్బులు, లాభాల వాటా, దీపావళి బోనస్, పన్ను చట్టం దృష్టిలో అన్నీ జీతమే. ఏడాది మొత్తం కూడి, ఆ మొత్తం మీద పన్ను కడతారు. అమెరికాలో ఉండే మన పిల్లలు బోనస్‌లో నేరుగా 22 శాతం కోసేశారని వాపోతుంటారు. అక్కడ కంపెనీలు అలా కోసుకునే వీలుంది, తర్వాత రిటర్న్‌లో సరిచేసుకుంటారు. దానికీ మన లెక్కకూ సంబంధం లేదు.

అయినా మీ ఇంట్లో పోయింది మాత్రం నిజంగానే నూటికి ముప్పై. 2,91,000లో 86,736. బాయి మీద జనం అనేది ఊరికే పుట్టిన మాట కాదు. అది రేటు కాదు, అంతే.

మీ ఆయనకు వచ్చిన వాటా సగటుకు దగ్గరలోనే ఉంది. 2024-25 సంవత్సరానికి సింగరేణి 2,360 కోట్ల లాభంలో 34 శాతం, అంటే 819 కోట్లు కార్మికులకు పంచింది. తలకు సగటున 1,95,610. మస్టర్లను (హాజరు రోజులను) బట్టి ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. (కాంట్రాక్ట్ కార్మికులకు దక్కింది 5,500. ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకోవాలి.)

ఇప్పుడు పే స్లిప్పులు పక్కన పెట్టుకుని చదవండి. నెలకు 95 వేలంటే ఏడాదికి 11,40,000. 2025-26లో కొత్త పన్ను విధానం ప్రకారం జీతగాళ్లకు 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్. అది తీసేశాక మిగిలింది 12 లక్షలు దాటకపోతే రిబేట్ పోను పన్ను సున్నా. అంటే 12,75,000 జీతం దాకా ఏమీ కట్టనక్కర్లేదు. మీ 11,40,000 ఆ గీత కిందే ఉంది. సెప్టెంబర్ దాకా కోత పడకపోవడానికి కారణం అదే.

వాటా, బోనస్ కలిశాక మొత్తం 14,31,000 అయ్యింది. 75 వేలు తీసేస్తే 13,56,000. మొదటి 4 లక్షల మీద ఏమీ లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, అది 20,000. 8 నుంచి 12 దాకా 10 శాతం, 40,000. ఆ పైన ఉన్న 1,56,000 మీద 15 శాతం, 23,400. మొత్తం 83,400. దాని మీద 4 శాతం సెస్ 3,336. వెరసి 86,736. మీరు రాసిన రెండు కోతలూ కూడి చూడండి, రూపాయి తేడా లేదు. పే ఆఫీసు ఎక్కువేమీ పట్టుకోలేదు.

అసలు నొప్పి ఆ 12 లక్షల గీత దగ్గరుంది. గీతకు ఇవతల ఉన్నంతసేపు 20 వేలు, 40 వేలు కలిపి ఆ 60 వేల పన్నును రిబేట్ మాఫీ చేస్తుంది. గీత దాటితే ఆ మాఫీ ఎగిరిపోతుంది. ఒక్క రూపాయి దాటినందుకు 60 వేలు కట్టమంటే అన్యాయం కాబట్టి మార్జినల్ రిలీఫ్ అని ఒకటి పెట్టారు. గీత మీద ఎంత దాటితే అంతకు మించి పన్ను తీసుకోరు. వినడానికి బాగుంది. కానీ ఇంకో వైపు నుంచి చూడండి: దాటిన ప్రతి రూపాయీ వాళ్లకే పోతుంది. పైగా సెస్ దాని మీద అదనం కాబట్టి అక్కడ 100 ఎక్కువ సంపాదిస్తే 104 కట్టాలి! గీత దాటిన మొదటి 70,588 రూపాయల వరకూ ఇదే తంతు. ఆ తర్వాతే మామూలు 15 శాతానికి దిగుతుంది.

మీ 2,91,000ను ఈ కంటితో విడగొడితే మూడు ముక్కలవుతుంది. మొదటి 1,35,000 మీద పన్నే లేదు. తర్వాతి 70,588 మొత్తం పన్నుకే. చివరి 85,412 మీద 15 శాతం, అంటే 12,812. సెస్ సంగతి పక్కన పెడితే మీ పన్నంతా ఇంతే. జీతం 12 లక్షల దగ్గర ఉండి, ఏడాది మధ్యలో ఒకేసారి పెద్ద మొత్తం వచ్చే ఎవరికైనా ఈ దెబ్బ తప్పదు. మీ ఆయన కంటే ఎక్కువ జీతం ఉన్న సీనియర్‌కు నెలనెలా ఎంతో కొంత కట్ అవుతూ ఉంటుంది కాబట్టి పండుగ పూట ఇంత షాక్ తగలదు.

ప్లే డేలు మానేయమన్న ఆయన ఈ గీత గురించి సగం విని చెప్పినట్టున్నాడు. జీతం, వాటా, బోనస్ అన్నీ కలిపి 12,75,000కూ 13,46,000కూ మధ్య ఆగిపోయే కుటుంబానికి ఆ మాటలో కొంత నిజం ఉంది. మీరు దాన్ని ఎప్పుడో దాటేశారు. ఇప్పుడు మీ ఆయన ఇంకో ప్లే డే చేస్తే వచ్చే ప్రతి 100లో పోయేది 15 రూపాయల 60 పైసలే, 84 రూపాయలకు పైగా ఇంటికొస్తుంది. ఏడాది మొత్తాన్ని గీత కిందికి తేవాలంటే లక్షన్నరకు పైగా జీతం వదులుకోవాలి. పన్ను మీద కోపంతో అంత నష్టం చేసుకోవద్దు. ఇక ఆరోగ్యం బాగాలేకనో, పిల్లలతో ఉండాలనో మానేస్తే అది వేరే విషయం, అందులో నేను వేలు పెట్టను.

ఇక వాపస్ తెప్పిస్తానన్న పెద్దమనిషి. ఆయన చేసేది పాత విధానంలో (రేట్లు ఎక్కువ, మినహాయింపులూ ఎక్కువ) రిటర్న్ వేయడం. రిటర్న్ గడువులోగా వేస్తే పాత విధానం ఎంచుకునే హక్కు మీకు నిజంగానే ఉంది. అందుకే అదీ లెక్క కట్టి చూశాను. స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, ప్రొఫెషన్ ట్యాక్స్ 2,400, పీఎఫ్‌తో కలిపి 80సీ (పొదుపుల మినహాయింపు) కింద లక్షన్నర. హౌసింగ్ లోన్ ఉందని మీరు రాయలేదు, ఉందనే అనుకుని వడ్డీ కింద పూర్తి 2 లక్షలు కూడా వేశాను. అండర్‌గ్రౌండ్ అలవెన్స్‌కు పాత విధానంలో నెలకు 800 మినహాయింపు ఉంది, ఏడాదికి 9,600. అంతా కలిపి 4,12,000. అయినా పన్ను 1,22,928 తేలింది. కొత్త విధానం కంటే 36 వేలు ఎక్కువ! పాత విధానం మీకు గిట్టుబాటు కావాలంటే మినహాయింపులు 5,76,500 దాటాలి. హెల్త్ ఇన్సూరెన్స్, ఎన్‌పీఎస్ (పెన్షన్ పథకం) అన్నీ కొత్తగా కొన్నా అంత దూరం రాదు.

మరి ఆయన 60 వేలు ఎక్కడి నుంచి తెస్తాడు? ఇంకో నాలుగున్నర లక్షల మినహాయింపులు పుట్టించి తెస్తాడు. లేని అద్దె రసీదులు, ఇవ్వని విరాళాలు, లేని రోగానికి వైద్య ఖర్చు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశమంతా 150 చోట్ల సోదాలు చేసింది ఇలాంటి రిటర్నులు వేసే ఏజెంట్ల మీదే. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగుల పేర్లతోనూ ఇలాంటి క్లెయిములు వచ్చాయని శాఖ అప్పుడే చెప్పింది. దొరికితే ఎగ్గొట్టిన పన్ను, వడ్డీ, ఆ పైన పన్నుకు రెండింతల పెనాల్టీ దాకా పడొచ్చు. నోటీసు మీ ఆయన పేరు మీద వస్తుంది. ఏజెంట్ ఫోన్ అప్పటికి స్విచాఫ్ అయి ఉంటుంది. మీ ఇరుగుపొరుగులో ఎవరైనా ఇప్పటికే ఇలా రిటర్న్ వేయించుకుని ఉంటే, శాఖ పట్టుకునేలోపు అప్‌డేటెడ్ రిటర్న్ వేసి, బాకీ కట్టి బయటపడే దారి ఉందని చెప్పండి.

2023లో 11వ వేజ్ బోర్డు బకాయిలు వచ్చినప్పుడు ఫారం 10ఈ నింపి కొందరు ఉపశమనం పొందారు. ఇప్పుడూ అది వాడుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. కుదరదు. అది పాత సంవత్సరాల జీతం ఆలస్యంగా వచ్చినప్పటి మాట. లాభాల వాటా ప్రకటించిన ఏడాదికే చెందుతుంది.

మీ కోపం విషయానికొస్తే, అందులో నాకు తప్పేమీ కనిపించడం లేదు. సింగరేణి కార్మికులకు ఆదాయపు పన్ను మినహాయింపు కావాలని యూనియన్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి. 2025-26లో నేల కింద పని చేసే మనిషికి చట్టం గుర్తించిన కష్టం నెలకు 800 రూపాయలు, అదీ పాత విధానంలోనే. కానీ ఆ డిమాండ్ నెరవేరుతుందని నమ్మి ఇంటి లెక్క వేసుకోకూడదు.

మీ చేతిలో ఉన్నది మిత్తి. నా దృష్టిలో అసలు సమస్య అదే. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆ లక్ష మీద నెలకు 2,000 పోతున్నాయి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి రూపాయి లోపు మిత్తికే లక్ష తెచ్చి, రేపే మిత్తికి ఇచ్చినాయన బాకీ తీర్చేయండి. బంగారం పెట్టడం ఇష్టం లేకపోతే నెలకు 7,200 చొప్పున అసలు కిందే కట్టండి. ఆయన విడతలుగా తీసుకోనంటే మాత్రం బంగారం దారే మేలు. దసరా దాకా ఆగి ఒకేసారి ఇద్దామనుకుంటే పది నెలలకు మిత్తే 20 వేలు అవుతుంది. నెలనెలా కడితే 13,500కు తగ్గుతుంది, అప్పటికి బాకీ 28 వేలే మిగులుతుంది.

ఆ 7,200 అంకె ఎక్కడిదంటారా? ఈ ఏడాది మీ పన్నును పన్నెండు నెలలకు పంచితే నెలకు 7,228. ఏప్రిల్ నుంచే వాటా, బోనస్ అంచనా కలిపి నెలనెలా పట్టుకోమని పే ఆఫీసులో అడగొచ్చు. జీతం మీద టీడీఎస్ (జీతంలోంచే పట్టుకునే పన్ను) ఏడాది అంచనా ఆదాయాన్ని బట్టే పట్టుకోవాలి, హెచ్చుతగ్గులు ఆ ఏడాదిలోనే సరిచేసుకునే వీలు కూడా చట్టంలో ఉంది. అలా చేస్తే పండుగకు డబ్బు దాదాపు మొత్తం చేతికొస్తుంది, మనసుకు హాయిగా ఉంటుంది. కానీ వాటా ఎంతో సెప్టెంబర్ దాకా తేలదు కాబట్టి పే ఆఫీసు ఒప్పుకుంటుందన్న భరోసా లేదు. ఒప్పుకున్నా, మిత్తి బాకీ ఉన్నన్నాళ్లు మీరు అడగొద్దంటాను. పన్ను ఆలస్యంగా కోయడం వల్ల ఆ డబ్బు ఆరు నెలలు మిత్తి లేకుండా మీ దగ్గరే ఉంటోంది. దాన్ని 24 శాతం బాకీకి కట్టడం కంటే మంచి ఉపయోగం ఇంకోటి లేదు. బాకీ తీరిపోయాక మీ ఇష్టం. నేనైతే బ్యాంకులో నెలకు 7,200 ఆర్‌డీ కట్టుకుని, దసరా నెలలో తీసుకోమంటాను.

వచ్చే దసరాకు వాటా, బోనస్ కలిపి ఎంత వస్తుందనుకున్నా, అందులో 90 వేలు ముందే తీసేసి మిగిలిన దానికే ఖర్చులు రాసుకోండి. బంగారం షాపులో గానీ, మిత్తికి ఇచ్చినాయనకు గానీ మొత్తం చూసి మాట ఇవ్వొద్దు.

ఈ ఏడాదికి ఇంకొక్క పని ఉంది. జనవరి నుంచి మార్చి దాకా మీ ఆయన సెలవులు పెట్టి మస్టర్లు తగ్గితే ఏడాది ఆదాయం 14,31,000 కంటే తగ్గుతుంది, ఆ మేరకు పట్టుకున్న పన్ను ఎక్కువవుతుంది. ఫిబ్రవరి, మార్చి స్లిప్పులు దాచి ఉంచండి. జూన్ నడిమికి ఫారం 16 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను లెక్క పత్రం) వస్తుంది. అందులోని మొత్తం జీతంలోంచి 75 వేలు తీసేసి, పైన చూపినట్టే స్లాబులు వేసి చూడండి. తేలిన పన్ను కంటే కోత ఎక్కువగా కనిపిస్తే రిటర్న్ వేసి ఆ తేడా వాపస్ తెచ్చుకోండి. ఆ రిటర్న్ మీ ఆయనే ఫోన్‌లో వేసుకోవచ్చు, 8 వేలేమీ కావు.